అవతలి వైపు ఒప్పుకోలేదు

మా ఇంటి కంప్యూటర్లో పాత సిస్టమ్ పీకేసి లినక్స్ వేసింది నేనే. అప్పటి నుంచి మా ఆవిడకి అదంటే గిట్టదు, మా బావమరిదికి నేనంటే నవ్వు.

ఆ రోజు సాయంత్రం మా అమ్మాయి నాటకం. వీడియో తీద్దామంటే మా ఆవిడ ఫోన్లో ఆవగింజంత చోటు లేదు.

"ఫొటోలు కంప్యూటర్లోకి దించుతారా, తమ్ముణ్ణి పిలవనా? వాడొస్తే పనిలో పనిగా పాత సిస్టమ్ కూడా మళ్లీ వేసిపోతానన్నాడు."

"వాడెందుకు? చిటికెలో పని."

కేబుల్ పెట్టాను. ఫోన్‌కి చార్జింగ్ ఎక్కింది గానీ, కంప్యూటర్ దాన్ని చూసీ చూడనట్టే ఊరుకుంది. కేబుల్ మార్చినా అంతే. తీగ లేకపోతేనేం, వైఫై ఉందిగా అనుకుని, రెండింటినీ జత కలిపే యాప్ రెండింట్లోనూ ఎక్కించాను. ఫోన్ ఆవిడ చేతికిచ్చి వచ్చి కూర్చున్నాను.

'జత చేయి' నొక్కాను. 'అవతలి వైపు ఒప్పుకోలేదు' అంది కంప్యూటర్.

అవతలి వైపంటే కంప్యూటర్‌కి కాపలా కాసే ఫైర్‌వాలే అని నా గట్టి నమ్మకం. దాన్లో దారులు తెరిచాను. ఒప్పుకోలేదు. దాన్నే ఆపేశాను. అయినా ఒప్పుకోలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాసిన కమాండ్ కొట్టాను. కంప్యూటర్లో సౌండ్ పోయింది.

"అయిందా?" వంటింట్లోంచి ఆవిడ.

"అవుతోంది."

"తమ్ముడు బయల్దేరమంటావా అంటున్నాడు."

"కాళ్లు విరగ్గొడతానని చెప్పు."

నడుం బిగించి మళ్లీ నొక్కాను. వంటింట్లో ఫోన్ టింగుమంది. ఒప్పుకోలేదు. ఇంకోసారి నొక్కాను. మళ్లీ టింగుమంది. అప్పటికి నా బుర్ర వెలిగింది. లేచి పరిగెత్తాను.

"ఫోన్ నిన్నేమైనా అడుగుతోందా?"

"ఇందాకటి నుంచీ అడుగుతూనే ఉంది," బీన్స్ తుంచుతూ అంది ఆవిడ. "నేనూ వద్దంటూనే ఉన్నాను."

"ఎందుకే?"

ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. 'ఇంటి యజమాని మీతో జత కావాలనుకుంటున్నారు' అని ఉంది. లినక్స్ వేసిననాడు కంప్యూటర్‌కి పేరేం పెట్టమంటావని అది అడిగితే, ముచ్చటపడి నేను పెట్టిన పేరది.

"ఈ ఇంట్లో అలాంటివాడెవడూ నాకు తెలీదు," అంది. "పేరు మారిస్తే ఆలోచిస్తాను. లేదంటే తమ్ముడు చెప్పులేసుకునే ఉన్నాడు."

పరువా, లినక్సా? లినక్స్‌నే కాపాడుకున్నాను. ఆవిడ చెప్పిన పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. ఈసారి అవతలి వైపు వెంటనే ఒప్పుకుంది. ఫొటోలు చకచకా దిగాయి.

నాటకానికి బావమరిదీ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"మొత్తానికి కలిపావన్నమాట. ఏంటి బావా సమస్య?"

"ఫైర్‌వాల్‌లే," అన్నాను తేలిగ్గా.

ఆవిడ ఫోన్ తీసి వాడికి చూపించింది. 'జత అయిన కంప్యూటర్: అమ్మగారి గుమాస్తా.'

వాడు నాటకం అయిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. అది విషాద నాటకం.