అత్తగారి తరిగే చెక్క

గడియారాలు బాగుచేసే ఆయనను ఇంటా బయటా అందరూ ‘చూద్దాంగారు’ అనే పిలుస్తారు. ఏ వస్తువు చేతికిచ్చినా “లోపలేముందో చూద్దాం” అనకుండా ఉండలేరు. గడియారాలతో ఆగినా బాగుండేది. ఒకసారి పలకరించడానికి వచ్చిన పక్కింటి పెద్దాయన వినికిడి మిషన్ని కూడా విప్పేశారు. దాన్ని తిరిగి బిగించేదాకా చూద్దాంగారు చెప్పిన క్షమాపణలేవీ పాపం ఆ పెద్దాయనకు వినపడలేదు.

ఆ రోజు ఆయన షాపుకు సెలవు. భార్య టైలరింగ్ షాపుకు బయల్దేరుతూ వంటగట్టు మీది తరిగే చెక్కను చూపించింది.

“సాయంత్రం అక్క వస్తుంది. దీన్ని తడిగుడ్డతో తుడిచి నిలబెట్టండి. అంతే. నీళ్లలో మాత్రం వేయకండి.”

“వేస్తే ఏమవుతుంది?”

“మీరు వేయరు కాబట్టి ఏమీ కాదు.”

ఆ చెక్క ఆమె తల్లిది. తల్లి పోయాక అక్కచెల్లెళ్లిద్దరూ బంగారం గురించి ఒక్క మాట అనుకోలేదు. ఈ చెక్క దగ్గర మాత్రం మాటలు మానేశారు. చివరికి పెద్దవాళ్లు కలగజేసుకుని, ఆరు నెలలు ఒకరింట, ఆరు నెలలు ఇంకొకరింట అని ఒప్పించారు. అప్పగింత ఇవాళే. మాటలు మళ్లీ మొదలవ్వాల్సిందీ ఇవాళే.

అక్కగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె వార్డులో ఉంటే జ్వరం కూడా అనుమతి అడిగి పెరుగుతుందని చెప్పుకుంటారు. అలాంటి వదినగారి చేతికి ఉల్లిపాయ వాసన కొట్టే చెక్కను ఇవ్వడం చూద్దాంగారికి మర్యాదగా తోచలేదు. పైగా, నీళ్లలో వేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

వేడినీళ్లు కాచి, సబ్బుపొడి కలిపి, చెక్కను టబ్బులో ముంచారు. నీళ్లు పసుపుగా, ఆపైన గోధుమరంగుగా మారుతుంటే, అత్తగారి వంటలన్నీ వరసగా బయటికొస్తున్నాయని ముచ్చటపడ్డారు. బాగా నానాక తీసుకెళ్లి డాబా మీద మండుటెండలో ఆరబెట్టారు.

కాసేపటికి పైనుంచి ‘ఠప్’మని వినిపించింది.

ఏమవుతుందో తెలిసింది. చెక్క నిలువునా చీలి రెండయింది. పిడి ఒక ముక్కకే మిగిలింది.

చూద్దాంగారు పరుగున సామాన్ల కొట్టుకు వెళ్లారు. “తరిగే చెక్క కావాలి. పాతది.”

“పాతవి అమ్మమండీ,” అన్నాడు కొట్టాయన. “ఇదిగో ప్లాస్టిక్, కడగడం తేలిక. ఇది గాజు. కత్తి మొండిబారుతుంది కానీ గీత పడదు.”

“గీతలు పడాలి.”

“పోనీ వెదురుది? గట్టిది, పదేళ్లయినా చెక్కుచెదరదు.”

“నాకు అంత టైము లేదు. సాయంత్రానికల్లా ముప్ఫయ్యేళ్లు వాడినట్టుండాలి.”

కొట్టాయన మెత్తని కర్రతో చేసిన, పిడి ఉన్న చెక్కనొకటి ఆయన ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఇంటికొచ్చి, చిక్కటి టీ కాచి చెక్కకు పట్టించారు. నూనె రాశారు. ఉత్తి కత్తితో గీతలు గీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే అవి రాసినట్టున్నాయి తప్ప తరిగినట్టు లేవు. సరే, తరగడమే మేలనుకున్నారు.

మొదట క్యారెట్లు. అవి దుంగల్లా పడ్డాయి. క్యాబేజీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి కుదిరింది. బీన్స్ అయితే గడియారంలోని పళ్లచక్రాలంత సన్నగా వచ్చాయి. గిన్నెలు నిండాయి, కుక్కరు నిండింది, ఉల్లిపాయలు చివరికి పూలకూజాలోకి చేరాయి.

పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగిచూశారు. “ఏమయ్యా, హోటలు పెడుతున్నావా?”

“లేదండీ, అత్తగారి జ్ఞాపకార్థం.”

కొత్త చెక్కనూ పాత ముక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారు. రంగు కుదిరింది, మరకలు కుదిరాయి. కానీ పాత గీతలన్నీ కుడికి వాలి ఉన్నాయి. కొత్తవి ఎడమకు. చెక్కను తలకిందులుగా తిప్పారు. అయినా ఎడమకే. ‘ఇంత సూక్ష్మంగా ఎవరు చూస్తారులే’ అనుకుని కంటికున్న భూతద్దం తీసి, ముక్కల్ని బీరువా వెనక దాచేశారు.

సాయంత్రం భార్య, వెనకే వదినగారు వచ్చారు. ఇద్దరూ ముభావంగానే పలకరించుకున్నారు. చెల్లెలు రెండు చేతులతో చెక్కను అందించింది. అక్క దాన్ని అరచేత్తో నిమిరింది. నిమురుతూ ఆగిపోయింది.

“ఇది అమ్మది కాదు.”

“అదేంటక్కా!”

“అమ్మ ఎడమచేత్తో తరిగేది. గీతలన్నీ ఇటు వాలి ఉండేవి. ఇవి అటున్నాయి. అసలుది దాచుకుని నకిలీది అంటగడుతున్నావా?”

“నేనా? దాచుకునేదాన్నయితే నిన్నెందుకు రమ్మంటాను?”

“నా నోరు మూయించడానికి.”

అక్క సంచి భుజాన వేసుకుంది. చెల్లెలి ముఖం తెల్లబోయింది. ఈ గుమ్మం దాటితే ఆమె మళ్లీ రాదని చూద్దాంగారికి అర్థమైంది.

“ఆగండి వదినగారూ,” అంటూ బీరువా వెనక చెయ్యి పెట్టి, రెండు ముక్కలూ తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఈ పాపం మీ చెల్లెలిది కాదు. నేనే నానబెట్టాను.”

అక్క ఒక ముక్క తీసుకుంది. చెల్లెలు రెండోది తీసుకుని ముఖం దగ్గరగా పెట్టుకుంది.

“అక్కా, ఇంకా అమ్మ వంటింటి వాసనే.”

“నేనెంత నానబెట్టినా పోలేదండీ,” అన్నారు చూద్దాంగారు.

అక్కకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది. “పిడి ఉన్న సగం నువ్వు ఉంచుకో. చిన్నదానివి.”

“వద్దక్కా, నువ్వే తీసుకో.”

“చెబితే వినవేం?”

“నువ్వు విన్నావా ఎప్పుడైనా?”

గొడవ మళ్లీ మొదలైంది. కాకపోతే ఈసారి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని పడుతున్నారు.

చూద్దాంగారి గుండె నిబ్బరపడింది. “ఒక రకంగా నావల్లే కదా...”

“మీరు మాట్లాడకండి,” అన్నారు ఇద్దరూ.

అప్పుడు వదినగారి చూపు కొత్త చెక్క మీద పడింది. అక్కణ్నుంచి పూలకూజా మీదికి వెళ్లింది. “ఇదంతా ఎవరు తరిగారే?”

“ఇంకెవరు, మీ మరిదిగారే. పెళ్లయినప్పటి నుంచీ కత్తి పట్టడం చేతకాదన్న మనిషి. ఉల్లిపాయ తరగమంటే వేలు తెగుతుందంటారు.”

వదినగారు ఒక బీన్స్ ముక్క తీసి లైటు వెలుగులో పరీక్షించింది. “ఏం పనితనం మరిదిగారూ! మా సర్జను కూడా ఇంత సన్నగా కోయలేడు.”

“అంటే, మొదట్లో కాస్త లావుగా పడ్డాయి కానీ, తర్వాత చెయ్యి తిరిగిందండీ,” అని మురిసిపోతూ మొదలుపెట్టి, భార్య ముఖం చూసి సగంలో ఆపేశారు. అప్పటికే ఆలస్యమైంది.

వదినగారు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఆదివారం ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రండి. మరిదిగారూ, మీ చెక్క మీరు తెచ్చుకోండి.”

“తప్పకుండా వస్తాం అక్కా,” అంది చెల్లెలు. “ఉల్లిపాయలు కాస్త ఎక్కువే తెప్పించు.”