మానెనా? అవును / కాదు

ఆ మంగళవారం ఉదయం ఇంట్లో ఉన్నవారు: నాయనమ్మ, అమ్మ, బాబాయి, కూతురు, ప్రస్తుతానికి కుర్చీలోనే ఉన్న నాన్న, వీళ్ళతోపాటు ఒక ప్రభుత్వాధికారి.

మాజీ సైనికుల మనోవ్యసన చికిత్సా శాఖ లోకంలోని శాఖలన్నిటిలోకీ దయగలది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన మనిషిని ఆసుపత్రి మంచానికి కట్టిపడేయడం అమానుషమని అది ఏనాడో గుర్తించింది. అందుకే ఆయన్ని ఇంట్లోనే ఉండనిచ్చి, వారానికి ఒక్క గంట పిలిపించి మాట్లాడిస్తుంది. మిగిలిన నూట అరవై ఏడు గంటల బాధ్యతనూ కుటుంబానికి గౌరవపూర్వకంగా అప్పగిస్తుంది.

నాన్నకు ఆ ఒక్క గంటే ఊపిరి. నలభై ఒక్క రోజులుగా సీసా ముట్టలేదు. మంగళవారం డాక్టరమ్మతో మాట్లాడి వస్తే రెండు మూడు రోజులు కంటినిండా నిద్రపోయేవాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాడే గాని, మునుపటిలా బల్ల కిందికి దూరేవాడు కాదు. (ఇంటిల్లిపాదీ పళ్ళేలను పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు దించడం నేర్చుకున్నారు. నాయనమ్మ తుమ్మొస్తే పెరట్లోకి వెళ్ళి తుమ్మి వస్తుంది.)

అంతా సవ్యంగా సాగుతుండగా శాఖవారి ఫారం వచ్చింది. ఇంట్లో కుదురైన చేతిరాత కూతురిదే. నలుగురిలో నోరు విప్పదు గాని, కాగితం మీద ధైర్యవంతురాలు. ఏడో గడిలో ఒకే ఒక్క మాట ఉంది: 'మానెనా?' ఆమె పొంగిపోతూ 'మానెను' అని గుండ్రంగా రాసింది. నాన్న తాగుడు మానాడు కదా మరి.

శాఖ ఆ మాటను గాయానికి అన్వయించుకుంది. మనసుకు తగిలిన గాయం మానెను. మానిన గాయానికి మంగళవారాలు అనవసరం. చికిత్స ముగిసిందని అభినందన పత్రం పంపారు. నాన్న దాన్ని రెండుసార్లు చదివాడు. చెప్పులేసుకుని, మందు షాపు ఉన్న వీధి మలుపు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. మర్నాడు మలుపు దాటి నాలుగడుగులు వేసి వచ్చాడు. ఆ మర్నాడు తొమ్మిది. కూతురు మేడ మీది నుంచి లెక్కపెట్టింది.

తర్వాత కూర్చుని శాఖకు ఉత్తరం రాసింది. దాని ఫలితంగానే అన్వయ పరిశీలనాధికారి స్వయంగా ఇంటికి విచ్చేశాడు. (క్రియకు కర్త ఎవరో తేల్చడానికి ఆ శాఖలో పదకొండుమంది ఉన్నారు. రోగులతో మాట్లాడటానికి డాక్టరమ్మ ఒక్కతే.)

"ఇంతకీ ఏం మానింది?" అన్నాడు అధికారి.

"మందు మానేశాడు నాయనా," అంది నాయనమ్మ.

అధికారి కలం ఆగిపోయింది. "మందులు మానేశాడా?"

"మందులు కాదయ్యా, మందు! మందులు వేసుకుంటూనే ఉన్నాడు."

"అంటే మందు మానలేదు."

"మందు మానాడు, మందులు మానలేదు! నీకు చెవులు పనిచేస్తున్నాయా?"

"చెవులకి గడి లేదండీ," అన్నాడు అధికారి నొచ్చుకోకుండా.

బాబాయి కల్పించుకున్నాడు. "సార్, అన్నయ్య తాగుడు మానాడు. లోపలి గాయం మానలేదు. రెండూ రాసుకోండి, గొడవ వదిలిపోతుంది."

"ఒక గడికి ఒకటే జవాబు. మానలేదని దిద్దమంటే దిద్దుతాను. అప్పుడు ఈయన ఇంకా తాగుతున్నట్టు. తాగేవాళ్ళకి మా దగ్గర ప్రవేశం లేదు. మానెను అని ఉంచమంటే ఉంచుతాను. మానినవాళ్ళతో మాకు పని లేదు."

"మరి మీకు పని ఎవరితో?" అంది అమ్మ.

"ఆ ప్రశ్న పై ఆఫీసుకి పంపామమ్మా," అంటూ ఆయన సంచిలోంచి ముద్రల రేకు డబ్బా తీశాడు. అది చేయి జారి గచ్చు మీద ఢామ్మని పడింది.

కుర్చీ ఖాళీ అయింది.

అధికారి కాసేపు చూసి, వంగకుండానే ప్రకటించాడు: "అయ్యా, పైకి రావాలి. బల్ల కింద వ్యవహారాలు మా శాఖలో నిషిద్ధం."

"రెండు నిమిషాలు సార్," నాన్న గొంతు మర్యాదగానే వచ్చింది. "ఇక్కడ బాగానే ఉంది."

కూతురు తనూ బల్ల కిందికి దూరి నాన్న పక్కన కూర్చుంది. ఎవరికీ కనబడని చోటు దొరికేసరికి ఆమెకు మాట పెగిలింది.

"సార్, ఫారం రాసింది నేను. తప్పు నాదే."

"ఎవరది?"

"కూతుర్ని సార్. నాన్న మలుపు దాటి వెళ్తుంటే చూస్తూ ఉండిపోతున్నా. నిద్ర పట్టట్లేదు. అన్నం సయించట్లేదు."

అధికారి ముఖం వికసించింది. "ముందే చెప్పొద్దూ! సైనికుడి గాయం ఇంట్లోవాళ్ళకి సోకితే పద్నాలుగో నియమం వర్తిస్తుంది." వెంటనే ఒక చీటీ రాసి ముద్ర గుద్దాడు. 'గాయం మాననివారు: కూతురు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు.'

చీటీలో పేరు ఉండదు. రోగి గోప్యత కోసం బంధుత్వం మాత్రమే రాస్తారు. అదే గోప్యత కోసం చికిత్సాలయం తలుపు దగ్గరి ఉద్యోగి రోగి ముఖం చూడకూడదు, చీటీనే చూడాలి. అధికారి ఈ నియమాలను గర్వంగా వివరించి వెళ్ళాడు. కూతురు శ్రద్ధగా విన్నది.

ఆ రోజే మూడింటికి ఐదు నిమిషాల ముందు, చికిత్సాలయం మెట్ల మీద, ఆమె ఆ చీటీని నాన్న జేబులో పెట్టింది.

"ఇది నీదే తల్లీ," అన్నాడు నాన్న.

"నువ్వెళ్ళు నాన్నా. నువ్వు పడుకుంటే నేనూ పడుకుంటా."

నాన్న చీటీని జేబులోంచి తీసి చేత పట్టుకున్నాడు. తర్వాత చొక్కా సర్దుకుని, మీసం దువ్వుకుని తలుపు ముందు నిలబడ్డాడు.

"కూతురు?" అన్నాడు ఉద్యోగి, చీటీ మీది నుంచి కళ్ళెత్తకుండా.

ఇరవై ఏళ్ళు సైన్యంలో పనిచేసిన మనిషి మడమలు కలిపి, వరండా అదిరేలా, "హాజరు సార్!" అన్నాడు.

"జలుబు చేసినట్టుందమ్మా, గొంతు జాగ్రత్త," అని ఉద్యోగి ఆయన్ని లోపలికి పంపాడు.

తలుపు మూయబోతుంటే గడప దగ్గర మరో రెండు పాదాలు కనబడ్డాయి.

"ఎవరు?"

"తోడొచ్చానండీ." ఆ పాదాలు ఒక అడుగు ముందుకు జరిగాయి. "నాక్కూడా కొంచెం, లోపల ఎవరితోనైనా..."

"తోడొచ్చినవాళ్ళకి ఏమీ ఉండదమ్మా," అని ఆయన తలుపు వేసేశాడు.