బొట్టు పెట్టిన మిషను

ఆ ఉదయం చైతన్యకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. యలమందయ్యగారి కోల్డ్ స్టోరేజీకి వెళ్లడం, మిషను బటను నొక్కి చూపించడం, ఆర్డరు పుచ్చుకుని టిఫినుకు పోవడం. నచ్చితే గుంటూరు చుట్టుపక్కల తనకున్న స్టోరేజీలన్నిటికీ ఇవే తీసుకుంటానన్నాడు పెద్దాయన. ఆర్డరు రాలేదా, పొదిలి వెళ్లి నాన్నతో పాటు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూర్చోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో తేల్చి చెప్పేశారు.

మిషనంటే అరచేతిలో ఇమిడేది, లైనక్స్ మీద నడిచేది. మిర్చి బస్తాను, అదే టిక్కీని, కాటా మీద పెడితే రైతు పేరు, బరువు వేసి తన పొట్టలోంచే స్టిక్కరు తీసిస్తుంది. యలమందయ్య షరతు ఒక్కటే. బటను నొక్కగానే నేరుగా స్టిక్కరు పేజీ తెరుచుకోవాలి, మధ్యలో నల్లతెర మీద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తకూడదు. వినేవాడికి అదెంత పని. చేసేవాడికి తెలుస్తుంది ఆ ఖర్మ. ప్రోగ్రాం తెరకంటే ముందే నిద్రలేచి, తెర కనపడక అక్కడికక్కడే చచ్చేది. జుట్టు పీక్కోగా పీక్కోగా, తెర వచ్చేదాకా ఆగాలని, ఎవరు చంపినా మళ్లీ లేవాలని దానికి నేర్పాడు చైతన్యకృష్ణ. పెద్దాయనకు చూపు ఆనదని స్టిక్కరు బటను తెర నడిమధ్యన రూపాయి బిళ్లంత పెట్టాడు.

అతను స్టిక్కరు చుట్టల కోసం బండి దగ్గరికి వెళ్లినప్పుడు జరగాల్సింది జరిగిపోయింది. కొత్త లారీ అయినా, కొత్త కాటా అయినా, యలమందయ్య భార్య సుబ్బరావమ్మ చేతి పసుపు కుంకుమ పడకుండా ఆ ఆవరణలో కదలదు. ఆవిడ కొబ్బరికాయ కొట్టి, మిషనుకు తడి పసుపు ముద్దగా అద్ది, మీద కుంకుమ పెట్టింది. సరిగ్గా తెర నడిమధ్యన పెట్టింది. తిరిగొచ్చిన చైతన్యకృష్ణ ఆ బొట్టు చూసి మంచి శకునమని దండం కూడా పెట్టుకున్నాడు.

బటను నొక్కారు. పేజీ నేరుగా తెరుచుకుంది. బానే ఉందయ్యా అని యలమందయ్య అంటుండగానే ఒక స్టిక్కరు వచ్చింది, వెనకే ఇంకోటి, ఆపైన ఆగలేదు. అన్నిటి మీదా కాటా మీదున్న టిక్కీ తాలూకు రైతు, దర్శి కోటేష్ పేరే.

తప్పు తన ప్రోగ్రాందేననుకుని చైతన్యకృష్ణ దాన్ని మూసేశాడు. లేచింది. చంపేశాడు. మళ్లీ లేచింది. మిషనునే ఆపి మళ్లీ వేస్తే, నల్లతెర ఊసే లేకుండా నేరుగా స్టిక్కరు పేజీకొచ్చి పని అందుకుంది. తను రాసింది రాసినట్టు పనిచేయడం అతని అనుభవంలో ఇదే మొదలు, దానికీ ఇదేనా సమయం అని ఏడుపొచ్చింది.

ముఠా మేస్త్రి జాన్ బాషాకు ఒక నియమం ఉంది. ఆఫీసులోంచి స్టిక్కరు వస్తే అది టిక్కీకి అంటాలి, ఎందుకని అడగకూడదు. వచ్చినవి వచ్చినట్టు పట్టుకెళ్లి లారీల్లోంచి దిగుతున్న వాటికి అంటించేశాడు. కాసేపటికి పొదిలి సరుకు, అమరావతి సరుకు మొత్తం కోటేష్‌దే అయి కూర్చుంది. రైతులు గుమ్మంలోకొచ్చి కేకలు. కోటేష్ మాత్రం ఎవర్నీ ఏమీ అనకుండా టీ తాగుతున్నాడు.

దిష్టి తగిలిందని తేల్చిన సుబ్బరావమ్మ తెర నాలుగు మూలలా బొట్లు పెట్టింది. ఒక మూల బొట్టు పడీ పడగానే మిషనుకు నోరొచ్చింది. "కోటేష్, దర్శి, నలభై కిలోలు" అని స్టిక్కరుకోసారి అరవడం మొదలెట్టింది. ఆ మూలనున్నది, స్టిక్కరు మీదున్నది పైకి చదివించే మాట బటను. అప్పటికి వెలిగింది చైతన్యకృష్ణకు. తడి బొట్టును తెర వేలనుకుంటోంది. జేబురుమాలు తీశాడు.

"ముత్తైదువ చేత్తో పెట్టిన బొట్టు చెరుపుతావా నాయనా?" అంది సుబ్బరావమ్మ.

సాయం కోసం యలమందయ్య వంక చూస్తే, ఆయన ఫ్యాను వంక చూశాడు. చైతన్యకృష్ణ తెర సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"వేలికీ బొట్టుకీ తేడా తెలీకపోతే ఆ తప్పు నీది. బొట్టుదేం గాదు," అందావిడ.

చైతన్యకృష్ణ జేబురుమాలు మళ్లీ జేబులో పెట్టేశాడు. లోపల మండిపోతున్నా గొంతు తగ్గించి, "మరి పండగయ్యాక వినాయకుణ్ణి ఎట్టా తీస్తారండీ?" అని అడిగాడు.

ఆవిడ కాస్త ఆలోచించింది. అక్షింతలు తెప్పించి, ఉద్వాసన చెప్పి, మిషనును భక్తిగా కొంచెం ఉత్తరానికి జరిపి, చీర కొంగుతో తనే తుడిచింది. మిషను నోరు మూసుకుంది. బయట జాన్ బాషా తిట్లు తింటూ స్టిక్కర్లు పీకుతున్నాడు.

ఇక బ్యారనే గతి అనుకుని చైతన్యకృష్ణ సంచి సర్దుకున్నాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు యలమందయ్య. "పాత మిషన్లు ముట్టుకుంటే చచ్చేయి. దీన్ని చంపుదామన్నా చావలా. అన్ని స్టోరేజీలకీ ఇయ్యే పంపు. కాకపోతే ఒకటి. బటను నొక్కంగానే దానంతటది మొదలవగూడదు. మేం పూజ చేసి, తుడిచి, సరే అన్నాక మొదలవ్వాలి."

ఒక్క లైను చెరిపేస్తే అయిపోయే పని అది.

"కష్టమేనండి," అన్నాడు చైతన్యకృష్ణ, "నెల పడుతుంది."