బుడ్డదానికి రైట్ రైట్

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా తేలికైనది. పిల్లల బడికి వెళ్లాలి, పెద్ద టీచరుకు బుడ్డదాన్ని చూపించాలి, సీటు తెచ్చుకోవాలి. డైపరు మానని పిల్లల్ని చేర్చుకునేది లేదని ఆవిడ ముందే తెగేసి చెప్పింది. బుడ్డదాని తల్లికి ఈ రోజుతో సెలవు సరి. రేపు కౌంటర్లో కనబడకపోతే ఎల్లుండి ఆ కుర్చీలో ఇంకొకరు కనబడతారని కళ్లద్దాల దుకాణం యజమాని కబురు పెట్టాడు. కాబట్టి సీటు రాకపోతే ఉద్యోగం గోవిందా.

తండ్రి బస్సు కండక్టరు. రెండున్నరేళ్ల కూతురికి బాత్రూం అలవాటు చేసే బాధ్యత తనే నెత్తినేసుకున్నాడు. ఎవడికి వచ్చిన విద్య వాడు చూపిస్తాడు కదా! పిల్ల మెలికలు తిరగడం చూస్తే "హోల్డాన్!" అని కేకేసేవాడు. అది బిగబట్టుకునేది. ఎత్తుకుపోయి కూర్చోబెట్టి "రైట్ రైట్!" అనేవాడు. అది వదిలేసేది. వారం తిరిగేసరికి నేలమీద చుక్క పడితే ఒట్టు.

"పిల్లను పెంచుతున్నారా అల్లుడుగారూ, బస్సు నడుపుతున్నారా?" అని అత్తగారు అడిగింది.

"రెండిటికీ బ్రేకే ముఖ్యం అత్తయ్యా," అన్నాడు అల్లుడు మీసం దువ్వుకుంటూ.

ఇంత తెలివైనవాడికి, బడికి తాము వెళ్లేది కూడా బస్సులోనే అన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఆ బస్సులో కండక్టరు డ్యూటీ గంటన్నది. గొంతు ఖంగున మోగుతుందని డిపోవాళ్లు పెట్టిన పేరది. బుడ్డది డైపరు లేకుండా, కొత్త గౌనులో, తండ్రి ఒళ్లో దర్జాగా కూర్చుంది. గంటన్న తలుపు మూసి "రైట్ రైట్!" అన్నాడు.

తండ్రి తొడలు వెచ్చబడ్డాయి.

"నీళ్లసీసా కారుతున్నట్టుందే," అన్నాడు భార్యతో.

"సీసా నా దగ్గరుంది," అందామె.

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నాన్నా, అయిపోయింది!" అంది బుడ్డది, మెచ్చుకుంటారని. చెప్పిన మాట చెప్పినట్టు విన్న పిల్లను ఏమని తిడతారు? తల్లి సంచిలోంచి పొడి బట్టలు తీసి మార్చింది. తండ్రికి మార్చడానికి ఏమీ తేలేదు. అతను గబగబా గంటన్న దగ్గరికి పోయాడు.

"అన్నా, నీకు దండం పెడతా. మేం దిగేదాకా ఆ మాట అనకు."

"ఏ మాట?"

"అదే... బస్సు కదలమనే మాట."

"అనకపోతే ఎలా కదులుతుందిరా? పొద్దున్నే ఏమన్నా తాగావా?" అంటూనే గంటన్న అతని ప్యాంటు చూశాడు. జాలిపడి సరేనన్నాడు.

తర్వాతి స్టాపులో జనం ఎక్కారు, దిగారు. గంటన్న నోరు మూసుకుని బస్సు గోడమీద దబదబా కొట్టాడు. ఎవరో కింద పడ్డారనుకుని డ్రైవరు ఇంజనే ఆపేశాడు. గంటన్న రెండు చేతులూ ఊపాడు. డ్రైవరు ఇంకా బెదిరిపోయాడు.

"ఏమైందయ్యా?" అని జనంలో ఒకరు అడిగారు.

"కండక్టరుకి గొంతు పడిపోయింది, పాపం!" అన్నారింకొకరు.

"అయితే మనమే అందాం, పట్టండి!" అన్నాడు వెనకసీటు పెద్దాయన.

బస్సు బస్సంతా ఒక్క గొంతుతో "రైట్ రైట్!" అంది. బండి ముందుకు దూకింది. "హోల్డాన్! హోల్డాన్!" అని బుడ్డదాని తండ్రి ప్రాణం పోయేట్టు అరిచాడు. బుడ్డది టక్కున బిగబట్టింది. డ్రైవరు కూడా టక్కున బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లందరూ కూర్చున్నవాళ్ల ఒళ్లో పడ్డారు. ఆ తర్వాత జనం అన్న మాటలు రాయడం బాగుండదు. ఆ ముగ్గురినీ దింపేశాకే బస్సు కదిలింది. గంటన్న నోరు తెరిచేలోపే తండ్రి కూతురి చెవులు రెండూ మూసేశాడు.

మిగతా దూరం నడిచి, చెమటలు కక్కుకుంటూ బడి చేరారు. పెద్ద టీచరు బుడ్డదానికి గ్లాసుడు నీళ్లు తాగించి బొమ్మల మధ్య కూర్చోబెట్టింది. కండక్టరు తడి కనబడకుండా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య గోళ్లు కొరుకుతోంది. కాసేపటికి బుడ్డది పరిగెత్తుకొచ్చి తండ్రి చేయి లాగింది.

"నాన్నా, రైట్ అనవా?"

అంతే, అతను సంచి అక్కడే వదిలేసి పిల్లను ఎత్తుకుని బాత్రూంలోకి పరుగుతీశాడు. తిరిగొచ్చేసరికి పెద్ద టీచరు మొహం వెలిగిపోతోంది.

"బంగారుతల్లి! అడిగి మరీ వెళ్లింది. ఇంకేం, సీటు..." అంటూ ఆవిడ చూపు కిందికి దిగింది. "అయ్యో, ఆ ప్యాంటేమిటి? పాప పనేనా?"

భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెబితే సీటు పోతుంది, సీటుతోపాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. నీళ్లు ఒలికాయందామంటే వాసన ఊరుకునేలా లేదు. కండక్టరు గొంతు సవరించుకున్నాడు.

"కాదండీ, నాదే."

పెద్ద టీచరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ అండీ."

భార్య అతని చేయి గట్టిగా పట్టుకుంది. పెళ్లయ్యాక మొగుణ్ని చూసి ఆమె అంతగా పొంగిపోయింది అదే మొదటిసారి.

పెద్ద టీచరు ఆమె వైపు జాలిగా తిరిగింది. "రేపట్నుంచే పాపను పంపించమ్మా. మీవారిని మాత్రం గేటు దగ్గరే ఆపు, లోపల కొత్త తివాచీ వేయించాం."