ఆయిలు మార్చని ఇంటి కారు

ముసలి కారుకు ఇంజనాయిలు కంపెనీ మారిస్తే చెడుతుందా అన్న సందేహం పుంగనూరు గురప్పను ఏళ్లుగా పీడిస్తోంది. పద్ధతి తెలిసిన మనిషి కనుక, దాన్ని తెలిసినవాళ్లను కాక పెద్దవాళ్లను అడిగాడు.

కారు మామగారిది. ఆయన పోసిన ఆయిలే గురప్పా పోస్తూ వచ్చాడు. ఇప్పుడా డబ్బా మదనపల్లె దుకాణాలన్నీ గాలించినా దొరకడం లేదు. ఇంజనేమో వయసుకు తగ్గట్టు ఆయిలు తాగేస్తోంది. శుక్రవారం కుప్పంలో భార్య రెడ్డెమ్మకు కంటి ఆపరేషన్. ఆ రోజు తప్పితే డాక్టరు మళ్లీ రెండు నెలలకు గాని దొరకడు.

వీధి పెద్దలు కొలువుదీరారు. కార్ల సంగతి ఎరిగినవారెవరూ లేకపోవడంతో చర్చ నిరాటంకంగా సాగింది.

"మంచి వంశపు ఇంజనప్పా ఇది! వేరే ఆయిలు కలిస్తే రక్తం సెడిపోతాది," అన్నాడు ఆంజనేయులు. కులం కలవలేదని మూడు పెళ్లిళ్లు ఆపించిన అనుభవజ్ఞుడాయన. సభ హర్షించింది.

"ఇంజన్ను ఎండబెట్టేదానికంటే ఏదో ఒకటి పోయండప్పా," అంది రెడ్డెమ్మ. చూపు ఆననివారి మాట తీర్మానంలోకి రాదని సభ తేల్చింది.

తాళం తిప్పగానే కారులో ఆయిలు బొమ్మ ఉన్న చిన్న ఎర్రదీపం వెలగడం, గురప్ప దండం పెట్టడం, అది వెంటనే కొండెక్కడం రోజూ ఉన్నదే. శుక్రవారం మాత్రం కొండెక్కలేదు. పలమనేరు దాటినా అఖండంగా వెలుగుతూనే ఉంది.

"సూస్తివా, దేవుడు మనతోనే వస్తాండాడు!"

"దీపం సరే, సమురు ఉండాదా?" అంది పక్కసీట్లోని రెడ్డెమ్మ.

గురప్ప గోవింద నామాలు గొంతెత్తి అందుకున్నాడు.

వెంకటగిరికోట దాటాక ఇంజన్ ఒక్కసారి పెద్దగా మూలిగి బిగుసుకుపోయింది. రెడ్డెమ్మ సంచి చంకన పెట్టుకుని, వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది.

"వస్తారా, ఈడనే ఉంటారా?"

"కారును దిక్కులేనట్ల ఇడిసిపెట్టి యాడికొస్తా?"

బస్సులో ముక్కూమొహం తెలియని ఒకామె రెడ్డెమ్మను చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి చేర్చింది. ఏ ఇంటి మనిషివని రెడ్డెమ్మ అడగలేదు.

ఆమె కంటికి కట్టుతో ఇల్లు చేరేసరికి పెద్దలంతా పరామర్శకు వచ్చి ఉన్నారు. కారును. లారీకి కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చిన దాని బానెట్ ఎత్తి చూస్తే లోపల ఆయిలు చుక్క లేదు.

ఆంజనేయులు కళ్లొత్తుకున్నాడు. "పోతే పోయిందప్పా. వేరే ఆయిలు ముట్టకుండా పోయింది."

అందరూ గర్వంగా తలలూపారు. ఆ వీధిలో 'ముట్టకుండా పోయింది' అన్న మాట మనుషుల గురించి కాక ఒక కారు గురించి అనడం మాత్రం అదే మొదటిసారి.