రెండు కాళ్ళ పడవ

ఆ ఆదివారం గోపాలం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఫీనిక్స్‌లో బస్సెక్కి రివియేర్ దు రాంపార్ తీరానికి చేరడం, కొత్తగా కొన్న తెరచాప పడవకు పూజ చేయించడం, ఆ పూజ ఊపులోనే భార్య గౌరీదేవిని మెల్లగా పడవ ఎక్కించడం. మొదటి రెండూ జరుగుతాయని ఆయనకు నమ్మకముంది. మూడోది ముప్పై నాలుగేళ్ళ కాపురంలో జరగలేదు.

గౌరీదేవి పుట్టింది ఆ తీరంలోనే. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి సన్యాసి చేపలకు వెళ్ళి రెండు రోజులు తిరిగి రాలేదు. చుట్టాలు ఇక ఆశ వదులుకుని తల్లి చేతుల గాజులు పగలగొట్టేశారు. మూడో రోజు పొద్దున ఆయన భుజాన చేపల గుత్తి వేసుకుని, ఆకలి ఆకలి అంటూ వచ్చాడు. ఆ తల్లి మొగుడొచ్చాడని నవ్వింది, గాజులు పోయాయని ఏడ్చింది, చివరికి కూతుర్ని దగ్గరికి లాక్కుని ఒట్టు వేయించుకుంది. ఈ ఇంటి ఆడది ఇక పడవలో కాలు పెట్టకూడదు. గౌరీదేవి ఆ మాట తప్పలేదు.

గోపాలం బడిలో తెలుగు పాఠాలు చెప్పి నిరుడే రిటైరయ్యాడు. చిన్నప్పుడు గౌరి కిటికీలోంచి రోజూ చూసి, ఒక్కసారైనా వెళ్ళని ఎదుటి దీవికి ఆమెను తీసుకెళ్ళాలని ఆయన కోరిక. ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ కోరికకు తొందర కూడా వచ్చింది.

వచ్చే నెలలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చి జెండా మారబోతోంది. ఇంగ్లీషు వాళ్ళు కొందరు పెట్టెలు సర్దుకుంటున్నారు. అలా సర్దుకుంటున్న ఒక ఇంజనీరు దగ్గర ఆయన ఈ పడవ కొన్నాడు. ఇంగ్లండులో ఏదో కార్ఖానాలో ఒకే అచ్చులో వందలకొద్దీ పోసిన ఫైబర్ గ్లాసు పడవల్లో ఇదొకటి. ఈ జాతి పడవల గురించి సముద్రపు మనుషుల్లో రెండు పార్టీలున్నాయి. కొన్నవాళ్ళు సంసారులకు ఇంతకంటే మంచిది లేదంటారు. కొననివాళ్ళు అసలది పడవే కాదంటారు. ఆ తీరంలో రెండో పార్టీకి నాయకుడు మార్సెల్. డెబ్బై ఏళ్ళ వడ్రంగి, సన్యాసికి పాత స్నేహితుడు, గౌరికి ‘తోంతోన్’, అంటే బాబాయి. పడవల విషయంలో గౌరికి ఆయన మాటే వేదం, గోపాలం కష్టమంతా అక్కడే ఉంది.

ఒడ్డున సరుగుడు చెట్ల కింద మార్సెల్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

"ఇది బాతోనా గోపాలం? పడవంటే ఇదా? కేకు పోసినట్టు పోశారు! చెక్క లేదు, మేకు లేదు. కింద లోతుగా ఒక వెన్ను ఉండాలి కదా, ఈ రెండు పొట్టి కాళ్ళేంటి? నడిచి వెళ్తుందా?"

"అది కుటుంబాల కోసం చేసిన పడవ తోంతోన్," అన్నాడు గోపాలం.

"ప్లాస్టిక్ అగ్గిపెట్టెలా అంటుకుంటుంది. నా మాట రాసి పెట్టుకో."

గౌరీదేవి ఆ మాట శ్రద్ధగా విని, పడవకు ఇంకో నాలుగడుగులు దూరం జరిగింది. "నేనిక్కడే కూచుంటా ఏవండీ. మీరు పూజ చేసుకుని రండి. నాకు బాతో వద్దు, ఫినీ, అంతే."

ఇంతలో పూజారి ఆంజనేయులు, వెనకాల ఏడుగురి భజన బృందం, మద్దెల, తాళాలు, సాంబ్రాణి మూకుడు అన్నీ దిగాయి. గోపాలం ఒడ్డునే నాలుగు పాటలు చాలనుకున్నాడు. ఆంజనేయులు ఒప్పుకోలేదు. వాళ్ళ భజన దీపస్తంభం చుట్టూ తిరుగుతూ చేసేది, నిలబడి పాడి వెళ్ళిపోయేది కాదు.

"పడవలోనే కంబం ఉంది కదా మాస్టారూ! తెరచాప కొయ్యకి దీపం కడతాం, దాని చుట్టూ తిరుగుతాం. రాముడికి ఇంతకంటే ఏం కావాలి?"

నలుగురి కోసం చేసిన పడవలోకి తొమ్మిదిమంది ఎక్కారు. మంచి పనికి వచ్చినవాళ్ళను దిగమనడం గోపాలానికి చేతకాలేదు. నడుం లోతు నీళ్ళలో లంగరు వేసి, దీపం వెలిగించబోతుండగా ఆంజనేయులు ముక్కు చిట్లించాడు.

"పడవ మొహం తూర్పుకి లేదే!"

"గాలి ఎటుంటే అటే తిరుగుతుందండీ. దాని స్వభావమది."

"పూజకి తూర్పే ఉండాలి. స్వభావం పూజయ్యాక చూసుకుందాం."

గోపాలం లంగరు తాడు బాగా కురచ చేసి, గెడతో పొడిచి పొడిచి, ఎలాగో పడవను తూర్పుకు తిప్పాడు. ఆ పొడుపులకు లంగరు ఇసుకలోంచి ఊడింది. ఎవరూ గమనించలేదు. పైగా ముహూర్తం చూసినాయన ఆటుపోట్లు చూడలేదు. భజన మొదలయ్యేసరికి సముద్రం వెనక్కి తీయడం మొదలుపెట్టింది.

తొమ్మిదిమందీ కొయ్య చుట్టూ తిరగసాగారు. అటు తిరిగితే పడవ అటు ఒరిగేది, ఇటు తిరిగితే ఇటు. గంట గడిచాక గోపాలం తలెత్తి చూస్తే సరుగుడు చెట్లు చిన్నవైపోయి కనిపించాయి.

"పూజారి గారూ! ఒడ్డు దూరమైపోతోంది!"

"కళ్ళు మూసుకుని తిరగండి మాస్టారూ, కనబడదు. హారతి ఇవ్వకుండా మధ్యలో ఆపితే అపచారం."

పడవ కింద గర్రుమని శబ్దమైంది. ఇసుక తిన్నె మీదికెక్కి ఆగింది. గోపాలం కండువా తీసి ఒడ్డుకేసి ఊపాడు, ఏం ఫర్వాలేదని చెప్పడానికి. సరిగ్గా అప్పుడే ఆంజనేయులు పళ్ళెం నిండా కర్పూరం వెలిగించి, మూకుడులో సాంబ్రాణి గుప్పించాడు. తెల్లటి పొగ గుప్పున లేచి కొయ్య పైదాకా చుట్టేసింది. పొగలో ఎనిమిదిమంది గొంతు చించుకుంటున్నారు, ఒకాయన కండువా ఊపుతున్నాడు. ఒడ్డునున్న వాళ్ళకు ఇది భజనలా కనబడే అవకాశం తక్కువ.

కాసేపటికి మార్సెల్ ఎర్ర తెరచాప వాళ్ళకేసి దూసుకొస్తూ కనబడింది. ఆయన చేతులతో చేసుకున్న టేకు పడవ, లోతైన వెన్ను, గాలిని చీల్చుకుంటూ వస్తోంది. ముందు భాగంలో ఎవరో కొయ్యను రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నారు. ఆకుపచ్చ చీర. ఎవరో గౌరి చీర కట్టుకుని వస్తున్నారనుకున్నాడు గోపాలం. అంతకంటే నమ్మదగిన కారణం ఆయనకు తట్టలేదు.

"అయో! తొందరగా తోంతోన్, తొందరగా!" గొంతు కూడా గౌరిదే.

నలభై ఏళ్ళుగా ఆ తిన్నె చుట్టూ తిరిగి వెళ్ళే మార్సెల్, ఆ కేకలకు తట్టుకోలేక మొదటిసారి తిన్నగా వచ్చాడు. రెండు బారల దూరంలో బకెట్టు ఎత్తి నీళ్ళు విసిరాడు. హారతి ఆరిపోయింది, పూజారి నిలువునా తడిసిపోయాడు. ఆ క్షణమే టేకు పడవ వెన్ను తిన్నె అంచులో దిగబడింది. గాలి నిండిన తెరచాపతో అది అలాగే పక్కకు ఒరిగి, నీళ్ళలో పడుకున్న గేదెలా ఉండిపోయింది.

"మంగళం పూర్తయింది," అన్నాడు ఆంజనేయులు గడ్డం పిండుకుంటూ.

గోపాలం నీళ్ళలోకి దూకాడు. ఒరిగిన పడవ అంచు పట్టుకుని వేలాడుతున్న భార్యను రెండు చేతులా అందుకున్నాడు. ఆమె ఆయన మొహం తడిమింది, చేతులు తిప్పి చూసింది, ఎక్కడా కాలలేదని తేలాక కోపం తెచ్చుకుంది.

"మంటేది?"

"మంట లేదు గౌరీ. సాంబ్రాణి."

"సాంబ్రాణా!"

"నువ్వు పడవెక్కావా?" అన్నాడు గోపాలం. అడగాలనుకున్నది అదొక్కటే. "అమ్మకిచ్చిన మాట?"

గౌరీదేవి తడిసిన కొంగు బొడ్లో దోపుకుంది. "అమ్మ రెండు రోజులు ఒడ్డున కూచుంది. నేను రెండు నిమిషాలు కూచోలేకపోయాను."

గోపాలానికి కళ్ళు చెమర్చాయి. ముఖం అప్పటికే ఉప్పునీళ్ళతో తడిసి ఉండడంతో ఆ విషయం బయటపడలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఆయనతో ప్రేమ గురించి ఇంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు.

నీళ్ళు ఇంకా తగ్గాయి. టేకు పడవ పూర్తిగా పక్కకు వాలిపోయింది. ప్లాస్టిక్ పడవ మాత్రం తన రెండు పొట్టి కాళ్ళ మీద పీటలా కుదురుగా నిలబడి ఉంది. భజన బృందం గౌరీదేవిని చెయ్యిచ్చి పైకి లాగింది. ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, కాస్త ఊపిరి తీసుకుని, దీవి వైపు చూసింది. ఇక్కడి నుంచి చూస్తే అది కిటికీలో కన్నా చాలా పెద్దది.

"అక్కడ దిగడానికి మెట్లుంటాయా ఏవండీ?"

"ఉండవు. నేను పట్టుకుంటాను."

"అయితే నీళ్ళొచ్చాక వెళ్దాం," అందామె.

చివరగా మార్సెల్ కూడా నడుచుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పడవెక్కాడు. నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా ఆయన అందులోనే కాళ్ళు బారజాపుకుని కూర్చుని, అచ్చులో పోసిన పడవలు సముద్రానికి ఎందుకు పనికిరావో అందరికీ ఓపిగ్గా వివరించాడు.