తల అగాయ్‌కి, చెవి సైకాల్‌కి

ఒకే ఒక్క జబ్బును పట్టుకుని వేలాడే వైద్య విద్యార్థి దేశానికి బరువు! అన్ని జబ్బుల మీదా ఒక్కో పరిశోధన పేపరు రాసి పడేసేవాడే దేశానికి వెలుగు. నా మాట మీద నమ్మకం లేదా? అయితే మా బిష్కెక్ వచ్చి సైకాల్‌ని చూడండి.

సైకాల్ డాక్టరీ నాలుగో సంవత్సరం చదువుతోంది. చలికాలంలో గుండె మీద పరిశోధన చేసింది. మంచు కరిగేసరికి మోకాలి చిప్పకు దిగింది. తర్వాత కంటిశుక్లం, నిద్రపట్టని గర్భిణులు, ఎలుకల మెదడు. ఎలుకను ఆమె దగ్గరగా చూసింది హాస్టల్ వంటింట్లోనే అనుకోండి. అయినా ఎలుక ఎక్కడున్నా ఎలుకే కదా!

"గుండెకీ మోకాలి చిప్పకీ ఏమిటి సంబంధం?" అని అడిగే అసూయాపరులున్నారు. సంబంధం ఎందుకు లేదు? గుండె విభాగం పెద్దా, ఎముకల విభాగం పెద్దా స్వయానా వియ్యంకులు!

మా విందుల్లో మాంసం వడ్డించడానికి ఒక పద్ధతి ఉంది. గొర్రె తల అందరికన్నా పెద్దాయనకి. తుంటి ఎముక ఆ తర్వాతి పెద్దలకి. తల అందుకున్నాయన దాని చెవి కోసి, పెద్దల మాట వినమని చిన్నవాళ్ల చేతిలో పెడతాడు. ఎముక తారుమారైతే రెండు ఇళ్ల మధ్య మాటలుండవు. పేపరు మీద పేర్లు వేసేదీ ఈ పద్ధతిలోనే. తెల్లవార్లూ కూర్చుని రాసిన సైకాల్ పేరు చివర్న, చోటు మిగిలితే ఉంటుంది.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఈ పిల్లకి ఒక దుర్బుద్ధి పుట్టింది. నిజంగానే ఒక విషయం తెలుసుకోవాలనుకుంది!

నరీన్ కొండల్లో ఉన్న ఆమె తమ్ముడు ఎర్నిస్ కాలేయంలోంచి పోయిన ఏడాది పిడికిలంత నీటిబుడగ తీశారు. మొన్న వాళ్లమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "పిల్లాడు మళ్లీ అక్కడే నొప్పంటున్నాడే. నువ్వు అన్నీ చదువుతున్నావు కదా, ఇది చదవలేదా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. సైకాల్ తిన్నగా గుండె విభాగం పెద్ద జుమాకాదిర్ దగ్గరికి వెళ్లింది. పిల్లలందరూ ఆయన్ని అగాయ్ అంటారు, మీరు మాస్టారూ అన్నట్టు.

"అగాయ్, నీటిబుడగల జబ్బు మీద పనిచేస్తాను. గొర్రెను కోసినప్పుడు బుడగలున్న కాలేయాన్ని మా ఊళ్లో కుక్కకి పడేస్తారు. కుక్క నుంచి అది మళ్లీ పిల్లలకి వస్తోంది."

"గొర్రెలూ కుక్కలూ ఏమిటి తల్లీ? డాక్టరువి అవుతావా, కాపరివి అవుతావా? ముందు నా రక్తపోటు పేపరు తెమల్చు."

"తర్వాతైనా చెయ్యనా అగాయ్?"

"తర్వాత చర్మవ్యాధులున్నాయిగా!"

ఆ రక్తపోటు పేపరు అచ్చయింది. అగాయ్ ఊరి బయటి తోట ఇంట్లో విందు పెట్టి గొర్రెను కోయించారు. ఆడవాళ్లలో చిన్నది కాబట్టి పేగులు కడిగే పని సైకాల్‌కి పడింది. గొర్రె కాలేయం బయటికొచ్చింది. దాని నిండా తెల్లటి బుడగలు.

"ఛీ, చెడిపోయింది!" అని అగాయే దాన్ని తీసి కాపలా కుక్క అక్తోష్‌కి విసిరారు.

"వెయ్యకండి అగాయ్! ఆ జబ్బు ఇదే! పాతిపెట్టాలి!"

"అక్తోష్ పెరిగిందే వీటి మీద. అన్నిట్లోనూ వేలు పెట్టకు తల్లీ, అది నీ సబ్జెక్టు కాదు."

ఎలుక మెదడు దాకా వేలు పెట్టించిన మహానుభావుడి నోట ఈ మాట! సైకాల్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పేగులు కడుగుతూ కూర్చుంది.

భోజనాల దగ్గర తల అగాయ్‌కి వచ్చింది. ఆయన చెవి కోసి సైకాల్ చేతిలో పెట్టారు. "తిను. పెద్దల మాట వినడం నేర్చుకో."

పక్కనే ఎముకల వియ్యంకుడు గొంతు సవరించుకున్నారు. "బావగారూ, విదేశీ పత్రికలు ఈ ఏడాది జంతువుల జబ్బులంటే ఎగబడుతున్నాయట!"

అగాయ్ ముఖం వెలిగిపోయింది. "మా సైకాల్ దగ్గర బ్రహ్మాండమైన టాపిక్ ఉంది బావగారూ. రాయించేద్దాం. మొదటి పేరు నాది, రెండోది మీది, మూడోది మా చర్మం మేడమ్‌ది..." అలా బల్ల చుట్టూ పేర్లు పంచుకుంటూ వచ్చి సైకాల్ దగ్గర ఆగారు. "నీకు చెవి ఇచ్చాంగా!"

పళ్లేలు దద్దరిల్లేలా అందరూ నవ్వారు. సైకాల్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అగాయ్ మనవరాలు బెగిమై అక్తోష్ మెడ కౌగిలించుకుని కూర్చుంది. కుక్క పాప బుగ్గలు నాకుతోంది.

"నాకు పేరొద్దు అగాయ్. ముందు పాపని ఆ కుక్క దగ్గర్నించి పిలవండి."

"తొందరెందుకు తల్లీ? పేపరు రానీ, రుజువవనీ. అప్పుడు చూద్దాం."

సైకాల్ ఆ గొర్రె చెవిని పళ్లెంలో పడేసి బయటికి నడిచింది. పాపని ఎత్తుకెళ్లి కుళాయి దగ్గర ముఖానికీ చేతులకీ సబ్బు రుద్దింది. పాప లబోదిబోమంది. లోపల పెద్దలు పేర్ల వరుస దగ్గర వాదులాడుకుంటున్నారు.

చూశారా? ఒకే జబ్బును పట్టుకుని వేలాడొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. అలా వేలాడితే, అది ఎవరింటి గడప తొక్కుతోందో కనబడిపోతుంది!